మారిషస్‌లో ఉన్న దూరపు చుట్టాలను మొదటిసారి కలవడం ఎలా?

ముత్తాత తమ్ముడొకాయన ఓడెక్కి చెరుకు తోటల్లో కూలికి పోయాడని, మళ్లీ రాలేదని ఉత్తరాంధ్రలో కొన్ని ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1834 తర్వాత దాదాపు 5 లక్షల మంది భారతీయులు అలా మారిషస్‌లో దిగారు. వాళ్ల వారసులెవరో ఇప్పుడు ఫేస్‌బుక్‌లో మిమ్మల్ని పలకరించారనుకుందాం. టికెట్లు కొనేలోపు చేయాల్సిన పని చాలా ఉంది.

1. ఇంటిపేరు పట్టుకుని వెతకొద్దు

అందరూ బోల్తాపడేది ఇక్కడే. అక్కడ చాలా కుటుంబాల్లో మన ఇంటిపేరు మిగల్లేదు. ఓడ దిగినాయన సొంత పేరే తర్వాతి తరాలకు ఇంటిపేరైంది. సింహాచలం స్వామి పేరు పెట్టుకున్న అప్పన్న మనవలు ఈరోజు ‘అప్పన్న’ కుటుంబం. కాబట్టి ఊరు, తండ్రి పేరు, ఓడ, వచ్చిన సంవత్సరం, వలస నంబరు (దిగినప్పుడు ఒక్కో కూలీకి రిజిస్టర్లో వేసిన నంబరు) చూడండి. ఆ పాత రిజిస్టర్లు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. వివరాల కాగితం తీయించమని చుట్టాలనే అడగండి, అక్కడున్నవాళ్లకే అది తేలిక.

కాగితం చేతికొచ్చాక ఈనాటి మ్యాపు పెట్టుకుని కూర్చుంటే లాభం లేదు. శ్రీకాకుళం అందులో ‘చికాకోల్’, విశాఖపట్నం ‘విజగపటం’. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి కాబట్టి జిల్లా దగ్గర గంజాం అనో విజగపటం అనో ఉంటుంది. ఊరి పేరు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసుంటాడు. దాన్ని ఇంట్లో పెద్దావిడ ముందు రెండు మూడు రకాలుగా పైకి చదవండి. ఇంగ్లిషు రాకపోయినా ఆవిడే ముందు పట్టేస్తుంది. అయినా ఊరు, తండ్రి పేరు రెండూ కలిస్తే తప్ప చుట్టరికం ఖాయం చేసుకోవద్దు. ఒక్క ఊళ్లోనే ఎంతమంది అప్పన్నలుంటారో మనకు తెలియనిది కాదు.

2. వరస తేల్చుకోండి

ఒక తెల్లకాగితం మీద రెండు వైపులా తరాలు రాయండి. మీది ఐదో తరం, వాళ్లది ఆరో తరమైతే అక్కడి యాభై ఏళ్లాయన వరసకు ముప్పై ఏళ్ల మీకు కొడుకవుతాడు! నవ్వుకోవడానికి బాగుంటుంది కానీ పిలిచేటప్పుడు వయసే చూడండి. అక్కడ పెద్దవాళ్లను తోంతోన్ (బాబాయి), తాంతీన్ (పిన్ని) అంటారు. మీరూ అలాగే పిలిస్తే సంతోషిస్తారు.

3. ముందు వీడియో కాల్

వాళ్ల టైమ్ మనకంటే గంటన్నర వెనక. ఇళ్లలో మాట్లాడేది ఎక్కువగా క్రియోల్, ఫ్రెంచ్‌లోంచి పుట్టిన అక్కడి భాష. ఫ్రెంచ్, ఇంగ్లిషు కూడా నడుస్తాయి. తెలుగు కొందరికి బడిలో, మరికొందరికి రామభజనలో మిగిలింది. "తెలుగువాళ్లయ్యుండి తెలుగు రాదా?" అన్న ప్రశ్న మాత్రం నోట రానివ్వొద్దు. ఇన్ని తరాలుగా ఉగాది వదలని వాళ్లు వాళ్లు. అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు కూడా ఉంది.

4. ప్రయాణం

భారతీయ పాస్‌పోర్టుతో టూరిస్టుగా వెళ్తే ముందే వీసా తీసుకోనక్కర్లేదు. తిరుగు టికెట్, బస చేసే చోటు అడ్రసు, ఖర్చులకు సరిపడా డబ్బు చూపాలి. బయల్దేరే ముందు రూల్స్ ఒకసారి సరిచూసుకోండి. మొదటి రెండు రోజులు హోటల్లో ఉండటమే మంచిది, ఇరువైపులా టెన్షన్ తగ్గుతుంది.

మొక్కలు, విత్తనాలు, పండ్లు అనుమతి లేకుండా తీసుకెళ్లొద్దు. కానుకగా పొందూరు ఖద్దరు పంచె బాగుంటుంది, బరువుండదు. అంతకంటే విలువైనవి ఊరి ఫొటోలు: చెరువు గట్టు, రామాలయం, పాత ఇల్లున్న వీధి. ఫోన్లో చూపించి ఊరుకోకుండా ప్రింట్లు తీసి ఇవ్వండి.

5. వాళ్లింట్లో

రిజిస్టర్లో కులం గడి కూడా ఉంటుంది. నలుగురిలో దాన్ని పైకి చదవొద్దు. మనవాళ్లకు ఉద్యోగాలు చూడమన్న ఊసు మొదటిసారే ఎత్తొద్దు.

కాగితాల సంగతి వేరు. ఏడో తరం వారికీ ఓసీఐ కార్డు (విదేశాల్లోని భారత సంతతి వారికి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఇస్తామని 2024 మార్చిలో భారత్ ప్రకటించింది కాబట్టి వాళ్లు మీ దగ్గరున్న ఆధారాలు అడగొచ్చు, అందులో తప్పేం లేదు. ఉన్నవాటి నకళ్లు ఇవ్వండి. కార్డు వస్తుందని మీరు హామీ ఇవ్వొద్దు. "భూమిలో వాటా కోసమేమో" అని మన ఊళ్లో ఎవరో ఒకరు గొణుగుతారు. ఆ ముచ్చట మీ ఇంట్లోనే ముందు తేల్చుకుని వెళ్లండి.

కుదిరితే ఒక పూట అందరూ కలిసి పోర్ట్ లూయిస్‌లోని ఆప్రవాసీ ఘాట్‌కు వెళ్లండి. ఓడ దిగిన కూలీలు ఎక్కిన 16 మెట్లు ఇంకా ఉన్నాయి. యునెస్కో 2006లో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

6. వచ్చాక

గ్రూప్ ఫొటోలో ఎవరెవరో అక్కడుండగానే రాయించుకోండి, ఇంటికొచ్చాక గుర్తుండదు. వంశవృక్షంలో వాళ్ల పేర్లు చేర్చి నెలలోపు పంపండి. మన ‘అప్పడు’ను వాళ్లు ‘అప్పడూ’ అని రాసుకుంటే అలాగే ఉంచండి, మీరు దిద్దకండి.