ప్లాట్‌ఫామ్ గేమ్ మనమే చేద్దాం – 6వ పాఠం: తీగ పట్టుకోవడం, వదలడం

ముందు గత పాఠం అభ్యాసం సంగతి చూద్దాం. ఎత్తు నుంచి పడేటప్పుడు మనం నడిపే బొమ్మ వేగం ఫ్రేముకు (తెరను ఒక్కసారి కొత్తగా గీసే వ్యవధికి) 4 పిక్సెళ్లు, అంటే 4 తెర చుక్కలు, దాటకూడదని అడిగాను. వేగానికి గ్రావిటీ కలిపాకే ఆ హద్దు చూడాలి. ముందే చూస్తే ప్రతిసారీ కాస్త దాటిపోతుంది. మీ కోడ్‌లో ఆ రెండు వరుసలు తారుమారై ఉంటే ఇప్పుడే సరిచేసుకోండి. ఈ పాఠంలో బొమ్మ చాలా ఎత్తు నుంచి పడబోతోంది.

ఈసారి తీగ వేద్దాం. తీగ ఎక్కించడం గంట పని. తీగ వదిలించడానికే నాకు వారం పట్టింది. మొదటిసారి రాసినప్పుడు ఎక్కడం చక్కగా వచ్చిందని సంబరపడి మా తమ్ముడి చేతికి ఇచ్చాను. వాడు కొస దాకా ఎక్కించాడు. అక్కడ బొమ్మ పైకీ పోలేదు, కిందికీ రాలేదు, గజగజ వణకడం మొదలుపెట్టింది. "అన్నా, వీడికి చలేస్తోందా?" అన్నాడు. ఆ వణుకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసేసరికి తీగ అంటే ఏమిటో నాకు అర్థమైంది. కాబట్టి ఈ పాఠంలో ఎక్కడం గురించి కొంచెమే చెబుతాను, వదలడం గురించి ఎక్కువ.

అసలు తీగ ఎందుకు? నింటెండో 1981లో తెచ్చిన డాంకీ కాంగ్‌లో పైకెక్కడానికి నిచ్చెనలున్నాయి. మరుసటి ఏడు వచ్చిన డాంకీ కాంగ్ జూనియర్‌లో తీగలొచ్చాయి. 1985లో సూపర్ మారియో బ్రదర్స్ వచ్చేసరికి తీగ ఇంకో పని నేర్చుకుంది. ఆ గేమ్‌లో తెర పక్కకే జరుగుతుంది, అదీ కుడివైపుకే. పైకి జరగనే జరగదు. మరి మేఘాల మీద నాణేల లోకం ఉందని ఆటగాడికి చెప్పేదెలా? ఇటుకను తలతో గుద్దితే తీగ మొలుస్తుంది, మొలిచి తెర పై అంచు దాటిపోతుంది. దాన్ని పట్టుకుని ఎక్కితే కొత్త చోటు తెరుచుకుంటుంది. అంటే అది మొక్క రూపంలో ఉన్న తలుపు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, పాఠం చివర్లో మళ్లీ అవసరమవుతుంది.

ఇక మన పని. ఇప్పటిదాకా మన బొమ్మకు మూడు స్థితులున్నాయి: నేల మీద, జంప్, పడటం. నాలుగోది ఎక్కడం. సూపర్ మారియో బ్రదర్స్ కోడ్ విప్పి చూసినా ఈ నాలుగే కనిపిస్తాయి, వరుసగా 0, 1, 2, 3 అంకెలతో. అందులో 3 అంటే ఎక్కడం. "తీగ మీద ఉన్నాడా" అని వేరే గుర్తు ఒకటి పెట్టుకుని నడకనూ జంప్‌నూ అలాగే ఉంచుదామని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. అలా చేయకండి. నడక కోడ్, జంప్ కోడ్, తీగ కోడ్ మూడూ ఒకే ఫ్రేములో బొమ్మను తలో వైపు లాగుతాయి. స్థితి 3లోకి వెళ్లామంటే మిగతా మూడూ నిద్రపోవాలి.

తీగను చిత్రాల వరుసగా కాకుండా ఒక సన్నని నిలువు పెట్టెగా దాచుకోండి. దానికి నాలుగు అంకెలు చాలు: నడిగీత, పై కొస, కింది కొస, వెడల్పు. తెర మీద గీసేటప్పుడు మాత్రం 16 పిక్సెళ్ల ఆకుల టైళ్లను (చదరపు ముక్కలను) ఒకదాని కింద ఒకటి పేర్చండి. పట్టుకోవడానికి లెక్కలోకి తీసుకునే వెడల్పు ఆకుల వెడల్పు కన్నా తక్కువ ఉండాలి. నేను నడిగీతకు అటు 6, ఇటు 6 పిక్సెళ్లు ఇస్తాను.

పట్టుకునే షరతు ఇదీ:

బొమ్మ నడుము నడిగీతకు 6 పిక్సెళ్ల లోపు ఉంటే,
పైకి బటన్ నొక్కి ఉంటే,
పట్టు విరామం 0 అయితే:
స్థితి = 3
అడ్డ వేగం = 0
నిలువు వేగం = 0

రెండో వరుస పెట్టాలా వద్దా అన్నది రుచిని బట్టి ఉంటుంది. 1985 గేమ్‌లో తీగ తగిలితే చాలు, మారియో పట్టేసుకుంటాడు. 1990లో వచ్చిన సూపర్ మారియో వరల్డ్‌లో పైకి నొక్కితేనే పట్టుకుంటాడు. నేను రెండోదాని పక్షం. తగిలితే పట్టుకునే పద్ధతిలో తీగ ముందు నుంచి పరిగెత్తుకుంటూ పోయేవాడు కూడా చిక్కుకుపోతాడు. మొదటి గేమ్‌లో అది ఇబ్బంది కాలేదు, ఎందుకంటే అక్కడ తీగ ఎక్కడపడితే అక్కడ ఉండదు, దాన్ని మొలిపించేది ఆటగాడే. మీ గేమ్‌లో తీగలు అడవిలా వేలాడుతుంటే మాత్రం బటన్ అడగండి.

మూడో వరుసలోని పట్టు విరామం సంగతి కాసేపట్లో.

పట్టుకున్న వెంటనే బొమ్మ నడిగీతకు రావాలి. ఒక్కసారిగా 6 పిక్సెళ్లు జరిపితే కంటికి గుచ్చుకుంటుంది. ఫ్రేముకు 2 చొప్పున జరపండి. మూడు ఫ్రేముల్లో, అంటే సెకనులో ఇరవయ్యో వంతులో, చేరిపోతుంది. ఆటగాడికి అది చెయ్యి చాచి పట్టుకున్నట్టే కనిపిస్తుంది.

ఎక్కే వేగం ఫ్రేముకు 1 పిక్సెల్ పెట్టండి. సెకనుకు 60 ఫ్రేములు కదా, 240 పిక్సెళ్ల ఎత్తున్న తెరను కింది నుంచి పై దాకా ఎక్కడానికి సరిగ్గా 4 సెకన్లు. అంతకన్నా నెమ్మదైతే విసుగు. దిగేది 2 పిక్సెళ్లు. దిగేవాడు ఎప్పుడూ తొందరలోనే ఉంటాడు.

ఎక్కడం అయిపోయింది. ఇక వదలడం. తీగను వదిలే దారులు నాలుగు: జంప్ చేయడం, కింద నేల తగలడం, పై కొసకు చేరడం, తెర దాటిపోవడం. నేల తగలడం తేలిక. కిందికి నొక్కి ఉండగా కాళ్లు గట్టి టైల్‌ను తాకితే స్థితి 0. అంతే.

జంప్ దగ్గరే పట్టు విరామం కావాలి. ఆటగాడు పైకి నొక్కి ఎక్కుతూ ఎక్కుతూనే, ఆ వేలు తీయకుండా జంప్ నొక్కుతాడు. బొమ్మ తీగను వదిలింది. తరువాతి ఫ్రేములో ఇంకా నడిగీతకు 6 పిక్సెళ్ల లోపే ఉంది, పైకి బటన్ నొక్కే ఉంది. మళ్లీ పట్టేసుకుంటుంది. ఆటగాడికి మాత్రం జంప్ బటన్ పాడైందేమో అనిపిస్తుంది. అందుకని జంప్‌తో వదిలినప్పుడు విరామం = 12 అని పెట్టి, ఫ్రేముకు ఒకటి తగ్గించుకుంటూ పోండి. 12 ఫ్రేములంటే సెకనులో అయిదో వంతు. ఈలోగా బొమ్మ దూరం జరిగిపోతుంది.

ఇక్కడ ఒక మెలిక. పక్కనే ఇంకో తీగ ఉంటే? దాని మీదికి దూకినప్పుడు కూడా 12 ఫ్రేములు ఆగమంటే ఆటగాడు అన్యాయంగా కింద పడతాడు. కాబట్టి విరామాన్ని బొమ్మకు కాదు, వదిలిన తీగకు కట్టండి. "ఈ తీగను 12 ఫ్రేముల దాకా పట్టుకోకు" అన్నమాట. వేరే తీగైతే వెంటనే పట్టుకోవచ్చు. ఈ ఒక్క మార్పుతో నా గేమ్‌లో తీగ నుంచి తీగకు దూకడం కష్టం నుంచి ఆనందమైంది. (మొదటి సూపర్ మారియో బ్రదర్స్‌లో తీగ మీద ఉండగా జంప్ పనిచేయనే చేయదు. స్థితి 3లో ఉంటే జంప్ వైపు చూడనే చూడదు.)

పై కొసకు వద్దాం. మా తమ్ముడు చూసిన వణుకు ఇక్కడిదే. తెర మీద వై అంకె (నిలువు స్థానం) పైనుంచి కిందికి పెరుగుతుందని రెండో పాఠంలో చూశాం. నా కోడ్ ముందు బొమ్మను ఒక పిక్సెల్ పైకి జరిపి, ఆ తరువాత తీగ తగులుతోందా అని చూసేది. కొస దాటగానే తీగ తగలదు, స్థితి 2 అవుతుంది, గ్రావిటీ కిందికి లాగుతుంది. కిందికి రాగానే తీగ తగులుతుంది, పైకి బటన్ నొక్కే ఉంది, స్థితి 3. మళ్లీ పైకి. సెకనుకు ఎన్నోసార్లు ఇదే తంతు. మందు చిన్నదే: జరిపాక చూడటం కాదు, జరపబోయే చోటును ముందు చూడాలి.

కొత్త వై = వై - 1
కొత్త వై దగ్గర చెయ్యి తీగ పై కొస దాటితే: ఆగు
లేకపోతే: వై = కొత్త వై

బొమ్మ కొస దగ్గర నిశ్చలంగా వేలాడుతుంది. కానీ ఇది గాలిలో ముగిసే తీగకే సరిపోతుంది. తీగ పక్కన కాకుండా సరిగ్గా పైన అరుగు ఉంటే, చేతితో కొలిచిన హద్దు బొమ్మను అరుగు కిందే ఆపేస్తుంది, కాళ్లు పైకి రావు. అక్కడ హద్దును కాళ్లతో కొలవండి: కాళ్లు అరుగు ఎత్తుకు చేరగానే స్థితి 0. ఆ అరుగు నాలుగో పాఠంలో చేసుకున్న ఒకవైపు అరుగు అయి ఉండాలి, పైనుంచి గట్టి, కిందనుంచి ఖాళీ. స్థితి 3లో ఉన్నంతసేపు ఆ అరుగును అసలు పట్టించుకోవద్దని కోడ్‌కు చెప్పండి. తిరిగి దిగేటప్పుడు అరుగు మీద నిలబడి కిందికి నొక్కితే, కాళ్ల కింద తీగ ఉందో లేదో చూసి, ఉంటే స్థితి 3 చేసి బొమ్మను 2 పిక్సెళ్లు కిందికి దించండి. ఆ రెండు పిక్సెళ్లు మరిస్తే అరుగు మళ్లీ పట్టేసుకుంటుంది. నేను మరిచాను.

ఇటుకలోంచి మొలిచే తీగకు పెద్దగా చేయాల్సిందేమీ లేదు, మనం తీగను పెట్టెగా దాచుకున్నాం కాబట్టి. ఇటుకకు తల తగలగానే ఎత్తు 0 ఉన్న పెట్టె పుట్టించి, పై కొసను ఫ్రేముకు 1 పిక్సెల్ చొప్పున పైకి జరపండి. గట్టి టైల్ అడ్డొస్తే ఆపేయండి. పెరిగే వేగం, ఎక్కే వేగం సమానం కాబట్టి బొమ్మ తీగ మొనను దాటిపోదు. ఎక్కే వేగం ఎప్పుడైనా పెంచితే పైన రాసిన చేతి హద్దే కాపాడుతుంది.

ఇప్పుడు తలుపు మాట. తెర పై అంచు దాటిన తీగ మీద బొమ్మ కూడా అంచు దాటితే కొత్త చోటు తెరవాలి. ఏ చోటు? ఇక్కడ పాత గేమ్ నుంచి ఒక పాఠం ఉంది. సూపర్ మారియో బ్రదర్స్ 4-2లో (నాలుగో ప్రపంచం రెండో దశలో) కనిపించని పెట్టెలను గుద్ది మెట్లుగా చేసుకుని, వాటి మీది నుంచి ఒక ఇటుకను గుద్దితే తీగ వస్తుంది. ఎక్కితే 6, 7, 8 ప్రపంచాలకు గొట్టాలున్న చోటుకు చేరుతాం. కానీ ఎక్కడానికి సమయం పడుతుంది. పోటీకి వేగంగా ఆడేవాళ్లు తీగ ముట్టకుండా, దగ్గరలోని గొట్టంలోకి దిగి అదే చోటుకు చేరుతారు. మామూలుగా ఆ గొట్టం నాణేల గదికి పోవాలి. ఇదెలా సాధ్యం? ఆ గేమ్‌లో "తరువాతి చోటు" అన్నది గొట్టంలోనూ లేదు, తీగలోనూ లేదు. రెండూ చూసేది మెమరీలో ఒకే చోట దాచిన అంకెను. తెర ఫలానా చోటు దాకా జరిగినప్పుడు ఆ అంకె మారుతుంది. మారియోను తెరలో మామూలు కన్నా కుడివైపుకు నెట్టగలిగితే, తెర అంతదూరం జరగకముందే అతను గొట్టం చేరతాడు. అంకె ఇంకా తీగదే. గొట్టం తీగ పని చేసిపెడుతుంది.

ఆ కిటుకు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఆనాటి యంత్రంలో మెమరీని ఎంత పొదుపుగా వాడారో అందులో కనిపిస్తుంది. మనకా ఇరుకు లేదు. గమ్యాన్ని ప్రతి తీగలోనే రాసిపెట్టండి: తీగ.గమ్యం = ఆకాశ గది. గమ్యం ఖాళీగా ఉన్న తీగ మామూలు తీగ.

ఈ వారం అభ్యాసాలు రెండు. మొదటిది చిన్నది. 1988 నాటి అమెరికా సూపర్ మారియో బ్రదర్స్ 2లో తీగల మీద పైకీ కిందికీ పాకే హూప్‌స్టర్ అనే పురుగు ఉంది. అలాంటిది ఒకటి చేసి మీ తీగ మీద వదలండి. కొసలు చేరినప్పుడు దిశ మార్చుకోవాలి, అంతే.

రెండోది తీరిగ్గా చేయండి. డాంకీ కాంగ్ జూనియర్‌లో జూనియర్ ఒక తీగ పట్టుకుంటే మెల్లగా ఎక్కుతాడు, వేగంగా జారుతాడు. పక్క తీగకు కూడా చెయ్యి చాచి రెండూ పట్టుకుంటే వేగంగా ఎక్కుతాడు, మెల్లగా దిగుతాడు. కొత్త బటన్ ఏదీ లేదు, పక్కకు నొక్కడమే. మీరూ స్థితి 3లో "చేతులు" అనే అంకె ఒకటి పెట్టండి. 1 ఉంటే ఎక్కే వేగం 1, దిగేది 2. 2 ఉంటే అటుదిటు. పక్క తీగ నడిగీత 24 పిక్సెళ్ల లోపు ఉంటేనే చెయ్యి అందాలి. రెండు తీగల ఎత్తులు వేరైనప్పుడు పొట్టి తీగ కొస దగ్గర ఏం జరగాలో మీరే తేల్చుకోండి: బొమ్మ ఆగాలా, లేక ఆ చెయ్యి వదిలేసి ఒంటి చేత్తో ఎక్కుతూ పోవాలా? నేను వదిలించాను. ఎందుకో వచ్చే పాఠం మొదట్లో చెబుతాను, ఆ తరువాత ఆకాశ గదిలోకి కెమెరాను తీసుకెళ్దాం.