మొదటి రోడ్డు సైకిల్ రేసులో చివరిదాకా గుంపుతో ఉండటం ఎలా?

ఒంటరిగా గంటకు 30 కిలోమీటర్ల వేగంతో రెండు గంటలు తొక్కగలిగినవారు కూడా మొదటి రోడ్డు రేసులో పావుగంటకే గుంపు నుంచి జారిపోవడం మామూలే. ఇంటికి వచ్చాక చాలామంది తమలో సత్తువ లేదనుకుంటారు, కొందరు మళ్లీ రేసు పేరే ఎత్తరు. నాకు అది బాధ కలిగించే విషయం. లోటు ఎక్కువసార్లు కాళ్లలో కాకుండా, గుంపులో తొక్కే నేర్పులో ఉంటుంది. ఆ నేర్పు అలవరచుకోవచ్చు. ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ తెల్లవారుజామున సైకిల్ తొక్కేవారికి మొదటి రేసులో ఒకే లక్ష్యం చాలు: ఆఖరి కిలోమీటరు దాకా గుంపులో ఉండటం. పతకం సంగతి తర్వాత చూడవచ్చు.

1. రేసును ఎంచుకోవడం

టైమ్ ట్రయల్‌లో ఒక్కొక్కరినీ విడివిడిగా వదులుతారు, గాలి తగలకుండా ఎవరి చాటునా తొక్కకూడదు. హిల్ క్లైంబ్‌లో కొండ ఎక్కడమే పోటీ. క్రిటీరియం అంటే చిన్న దారిలో చాలా చుట్లు, చాలా మలుపులు. రోడ్ రేసులో అందరూ ఒకేసారి బయలుదేరి దూరం వెళతారు. ముందు ఒక టైమ్ ట్రయల్ తొక్కి, తర్వాత గుంపు రేసుకు రావడం మంచిదని నా అభిప్రాయం. నంబరు తగిలించుకోవడం, వరుసలో నిలబడటం, గుండె దడ వంటివి మొదటి దానిలోనే అలవాటవుతాయి.

బెంగళూరులో ఔత్సాహికుల రేసులు ఏళ్లుగా జరుగుతున్నాయి. 1,478 మీటర్ల ఎత్తున్న నంది కొండ అక్కడి రైడర్లకు పరీక్షా స్థలం. భోర్ ఘాట్ ఎక్కే ముంబై–పుణె రేసు పేరు పాతతరం సైక్లిస్టులకు కూడా తెలుసు. నేరుగా రేసులోకి దిగడానికి జంకేవారికి, 2008లో మొదలైన టూర్ ఆఫ్ నీలగిరీస్ వంటి యాత్రలు నయం. రోజంతా మామూలుగా తొక్కుతూ కొన్ని భాగాల్లో మాత్రమే సమయం లెక్కగట్టించుకోవచ్చు. మసినగుడి నుంచి ఊటీకి ఎక్కే కల్హట్టి ఘాట్‌లోని 36 హెయిర్‌పిన్ మలుపులు ఎవరి బలమెంతో తేల్చేస్తాయి. బ్రిటన్‌లో ఉండే తెలుగువారు కొత్తవారి స్థాయి అయిన నాలుగో కేటగిరీ నుంచి మొదలుపెట్టాలి. రేసుల్లో 12 పాయింట్లు సంపాదిస్తే మూడో కేటగిరీకి వెళ్లవచ్చు. అమెరికాలోనూ కొత్తవారికి విడి కేటగిరీ ఉంటుంది. ఎక్కడైనా మీ స్థాయి కేటగిరీలోనే పేరు ఇవ్వండి.

డబ్బు కట్టే ముందు నిర్వాహకులను కొన్ని ప్రశ్నలు అడగండి. రోడ్డును పూర్తిగా మూసేస్తారా? ఎదురు వాహనాలు వస్తాయా? అంబులెన్స్ వెంట ఉంటుందా? చుట్టు వెనుకబడినవారిని ఆపేస్తారా? అంబులెన్స్ గురించి సూటిగా జవాబు రాకపోతే ఆ రేసు వద్దు. ఈ విషయంలో రాజీ పడకండి.

2. సైకిల్‌ను సిద్ధం చేయడం

ఇక్కడ డబ్బు తగలేయవద్దు. వంపు హ్యాండిల్ ఉన్న మామూలు రోడ్ బైక్ చాలు. అంతర్జాతీయ నిబంధన ప్రకారం రేసు సైకిల్ 6.8 కిలోల కంటే తేలిగ్గా ఉండకూడదు. ఔత్సాహికుల సైకిళ్లు దాదాపు అన్నీ అంతకంటే బరువే, కాబట్టి గ్రాములు లెక్కపెట్టుకోనక్కరలేదు. టైర్లు కొత్తగా, కోతలు లేకుండా ఉండాలి. మన రోడ్లకు 28 మిల్లీమీటర్ల టైరు హాయి. గాలి మరీ గట్టిగా కొట్టించకండి, గతుకుల మీద పట్టు పోతుంది. హ్యాండిల్ చివరలకు మూతలు ఉన్నాయో లేదో చూడండి, మూత లేని గొట్టం పడినప్పుడు ఒంట్లోకి దిగుతుంది. ముందుకు సాగే ట్రయాథ్లాన్ హ్యాండిళ్లను గుంపు రేసుల్లో అనుమతించరు. బూటు బిగించే పెడళ్లు కొత్తగా వేయించుకుంటే రేసుకు కనీసం నెల ముందే అలవాటు చేసుకోండి. రేసుకు ముందు రోజు ఏ భాగమూ మార్చవద్దు.

3. గుంపులో తొక్కడం నేర్చుకోవడం

అసలు పని ఇదే. చదును రోడ్డు మీద వేగంగా వెళ్లేటప్పుడు మీ శ్రమలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది. వేగం రెట్టింపైతే గాలి ఎదురుతోపు నాలుగు రెట్లవుతుంది, దాన్ని తోసుకుపోవడానికి కావలసిన శక్తి వాట్లలో ఎనిమిది రెట్లవుతుంది. ముందున్నవారి వెనుక చక్రానికి దగ్గరగా తొక్కితే సుమారు మూడో వంతు శ్రమ మిగులుతుంది. పెద్ద గుంపు నడుమ ఇంకా ఎక్కువే. బెల్జియం శాస్త్రవేత్త బెర్ట్ బ్లోకెన్ బృందం 2018లో 121 మంది రైడర్ల గుంపును పరీక్షించింది. లోపలి వరుసల్లో బాగా చాటున ఉన్నవారి మీద గాలి ఒత్తిడి, ఒంటరి రైడర్ మీద ఉండేదానిలో పదో వంతుకు కూడా తగ్గింది. మీ కంటే బలహీనుడు గుంపులో హాయిగా కబుర్లు చెబుతుంటే, గుంపు వెనుక పది మీటర్లలో మీరు ఆయాసపడటానికి కారణం ఇదే.

ముందు ఇద్దరు, ముగ్గురు నమ్మకమైన స్నేహితులతో ఖాళీ రోడ్డు మీద మొదలుపెట్టండి. మొదట ముందున్నవారి వెనుక చక్రానికి సైకిల్ పొడవంత దూరం పాటించండి. భయం తగ్గేకొద్దీ అర మీటరుకు రండి. కళ్లు ఆ చక్రానికే అతుక్కోకూడదు. ముందున్నవారి భుజాల మీదుగా, ఇంకా ఇద్దరు ముగ్గురు రైడర్ల అవతలికి చూడాలి. వాళ్ల కదలికలు చూస్తుంటే ఏం జరగబోతోందో మీకు ముందే తెలుస్తుంది.

మీ ముందు చక్రం ఎదుటివారి వెనుక చక్రం పక్కకు చేరకూడదు. వారు గుంత తప్పించడానికి కాస్త జరిగినా రెండు చక్రాలు తగులుతాయి, అప్పుడు పడేది వెనుకవారే. చిన్న గుంపుల్లో జరిగే ప్రమాదాల్లో చాలావాటికి ఇదే మూలం. అందుకే కొత్తవారికి నేను అన్నిటికంటే ముందు చెప్పేది ఇదే. దగ్గరగా వచ్చేస్తున్నారనిపిస్తే గట్టిగా బ్రేకు వేయవద్దు. తొక్కడం ఆపండి, కొంచెం నిటారుగా కూర్చోండి. ఛాతీకి తగిలే గాలే మిమ్మల్ని నెమ్మదింపజేస్తుంది. అవసరమైతే బ్రేకును వేలితో తాకినట్టు వాడండి.

ముందుకు వచ్చే వంతు మీదైనప్పుడు ఉత్సాహం కొద్దీ వేగం పెంచితే వరుస తెగిపోతుంది. అదే వేగంతో కొద్దిసేపు లాగి, గాలి వచ్చే వైపుకు మెల్లగా తప్పుకుని, బలం తగ్గించి వెనక్కి జారండి. వరుస చివర చేరేటప్పుడు మాత్రం ముందే కాస్త గట్టిగా తొక్కాలి, లేకపోతే చివరి చక్రం చేజారుతుంది. గుంత కనిపిస్తే చేత్తో చూపండి, చేయి తీయలేని చోట కేక వేయండి. పక్కగాలి వీస్తే చాటు నేరుగా వెనుక ఉండదు, గాలి రాని వైపు కాస్త పక్కకు ఉంటుంది. అందుకే అలాంటి చోట రైడర్లు ఏటవాలు వరుసగా విచ్చుకుంటారు. రోడ్డు అంచున ఇరుక్కున్నవారికి చాటే దొరకదు. గాలి ఎటు నుంచి వీస్తోందో చెట్లను, జెండాలను చూసి తెలుసుకుంటూ ఉండండి.

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు ట్రాక్ ఒంటరి సాధనకు బాగుంటుంది. కుటుంబాలు, పిల్లలు తిరిగే ఆ చోట గుంపుగా రేసు వేగంతో తొక్కడం మాత్రం తప్పు. ఎత్తు ఎక్కడానికి వికారాబాద్ దగ్గర అనంతగిరి, విశాఖలో కైలాసగిరి దారులు ఉన్నాయి.

4. కాళ్లను రేసుకు అలవాటు చేయడం

రేసులో వేగం ఒకేలా ఉండదు. ప్రతి మలుపు తర్వాత పరుగు, అంటే కొద్దిసేపు గట్టిగా తొక్కడం, ఆపై కాస్త విరామం, మళ్లీ పరుగు. ఒకే వేగంతో వంద కిలోమీటర్లు తొక్కినవారు కూడా ఈ కుదుపులకు తట్టుకోలేరు. ఎనిమిది వారాల సమయం పెట్టుకోండి. వారానికి ఒక రోజు రెండున్నర, మూడు గంటల తీరిక రైడు. మరో రోజు ఎనిమిది నిమిషాల చొప్పున నాలుగుసార్లు, మాట్లాడలేనంత గట్టిగా, మధ్యలో నాలుగైదు నిమిషాల విరామంతో. ఇంకో రోజు ముప్పై సెకన్లు పూర్తి బలంతో, ముప్పై సెకన్లు నెమ్మదిగా, పది నిమిషాల పాటు. మిగిలిన రోజులు తేలిక లేదా విశ్రాంతి. చివరి వారం దూరం సగానికి తగ్గించండి, ఆ వారంలో కొత్తగా బలం రాదు.

జలుబు మందుల విషయంలో జాగ్రత్త. ఔత్సాహికులకు కూడా డోపింగ్ నియమాలు వర్తించవచ్చు. కొన్ని జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్‌ను పోటీ సమయంలో నిర్ణీత పరిమితి మించి వాడటం నిషేధం. నొప్పి మందు ట్రమడాల్ కూడా 2024 జనవరి 1 నుంచి పోటీ సమయంలో నిషిద్ధ జాబితాలో ఉంది. ఏ మందైనా డాక్టరుకు మీరు పోటీల్లో పాల్గొంటారని చెప్పి తీసుకోండి.

5. తిండి, నీళ్లు

రేసుకు రెండున్నర గంటల ముందు ఇడ్లీ, కాస్త బెల్లం లేదా తేనె, ఒక అరటిపండు. నెయ్యి కారం దోసె, పూరీ వద్దు. రేసు గంటన్నర దాటితే గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లాలి. ఒక అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటాయి. ఆకలి వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే, అరగంట లోపే మొదలుపెట్టండి. జేబులో గింజ తీసి ముక్కలు చేసిన ఖర్జూరాలు ఉంటే ఒక చేత్తో తినవచ్చు. మన ఎండలో గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు, అందులో చిటికెడు ఉప్పు. సీసా తీసి తాగి మళ్లీ పెట్టడం సాధనలో బాగా అలవాటు కావాలి. రేసులో చూపు రోడ్డు మీదే ఉండాలి.

6. రేసు ఉదయం

కనీసం గంటన్నర ముందు చేరుకోండి. నంబరును నాలుగు మూలలా పిన్నులతో బిగించండి, వదులుగా ఉంటే గాలికి గొడుగులా తెరుచుకుంటుంది. ఇరవై నిమిషాలు శరీరం వేడెక్కించుకోండి, చివరలో రెండు మూడుసార్లు సైకిల్‌ను కొద్దిసేపు గట్టిగా తొక్కండి. నిర్వాహకుల సూచనలు మొత్తం వినండి. రోడ్డు మధ్య గీత దాటితే అనర్హులను చేస్తారు, ఎదురు వాహనాలు ఉన్న చోట అది ప్రాణం తీసే తప్పు కూడా. వీలైనంత ముందు వరుసల్లో నిలబడండి.

7. రేసులో

మొదటి పది నిమిషాలే అన్నిటికంటే కష్టం. అందరిలోనూ ఉద్వేగం ఉంటుంది, వేగం విపరీతంగా ఉంటుంది. "ఇది ఇలాగే సాగదు" అని మనసుకు చెప్పుకుని పట్టుకు వేలాడండి.

గుంపులో ముందు మూడో వంతులో ఉండండి. మలుపులో మొదటివారు వేగం కాస్త తగ్గిస్తే, వెనుక వచ్చే ఒక్కొక్కరూ ఇంకాస్త ఎక్కువ తగ్గించాల్సి వస్తుంది. మలుపు దాటాక చివరివారు పోయిన దూరం పూడ్చడానికి పరుగు తీయాలి. ఇరవై మలుపుల్లో ఇరవై పరుగులు. వెనుక ఉండటం సురక్షితం అనుకోవడం కొత్తవారి పొరపాటు. మలుపుకు ముందే గేరు మార్చండి, బ్రేకు ముందే వేయండి, మలుపులో బయటివైపు పెడల్‌ను కిందికి నొక్కి ఉంచండి. ఎత్తు మొదలయ్యే చోట ముందుకు వెళ్లి ఉండండి. ఎక్కుతూ మెల్లగా వెనక్కి జారినా పైకి చేరేసరికి ఇంకా గుంపులోనే ఉంటారు.

ఎవరో ముందుకు ఉరికినప్పుడల్లా వెంటపడవద్దు. వాళ్లను పట్టుకునే పని గుంపులో ఇంకొకరు చేస్తారు. ఇక్కడ ఒక మినహాయింపు చెప్పాలి, నాకది ఇష్టమైన ఉదంతం. 2021 జూలైలో జరిగిన టోక్యో ఒలింపిక్స్ మహిళల రోడ్ రేసులో ఆస్ట్రియా గణిత శాస్త్రజ్ఞురాలు ఆనా కీసెన్‌హోఫర్ మొదట్లోనే కొందరితో కలిసి ముందుకు వెళ్లిపోయారు. అప్పటికి ఆమె ఏ ప్రొఫెషనల్ జట్టులోనూ లేరు. చివరి 40 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కి, నిమిషానికి పైగా ముందు ముగింపు గీత దాటారు. ఒలింపిక్స్‌లో రైడర్లకు జట్టు నుంచి సమాచారం అందించే రేడియోలు ఉండవు. అందుకే రెండో స్థానంలో వచ్చిన నెదర్లాండ్స్ రైడర్ అనెమిక్ వాన్ ఫ్లూటెన్, ముందు ఒకరున్నారని తెలియక, తానే గెలిచానని చేతులెత్తారు. సాధన, ఆహారం, ఎండకు అలవాటు పడటం అన్నీ కీసెన్‌హోఫర్ స్వయంగా లెక్కలు వేసుకుని సిద్ధమయ్యారు. మొదటి రేసులో ఆమెలా ముందుకు ఉరకవద్దు కానీ, ఆ సన్నాహాన్ని మాత్రం తప్పకుండా అనుసరించండి.

పంచరైతే చేయెత్తి, మెల్లగా రోడ్డు పక్కకు రండి. ముందు ఎవరైనా పడితే పడినవారిని చూడకండి, ఖాళీ ఉన్న వైపు చూడండి. సైకిల్ చూపు వెంటే పోతుంది.

8. చివరి కిలోమీటరు

గుంపులో ఇక్కడి దాకా వచ్చారంటే మొదటి లక్ష్యం నెరవేరినట్టే. స్ప్రింట్, అంటే చివరి పూర్తి వేగపు పోటీ, చేయాలనుంటే చాటులోనే ఉండి, ముగింపు గీతకు 200 మీటర్ల లోపు సీటు మీంచి లేవండి. నేరుగా తొక్కండి, ఎవరి దారికీ అడ్డం రావద్దు. కాళ్లలో ఏమీ మిగలకపోతే పక్కకు తప్పుకుని, వెనుకవారికి చోటిచ్చి ముగించండి. గీత దాటాక ఉన్నట్టుండి బ్రేకు వేయకండి, వెనుక నుంచి పూర్తి వేగంతో వస్తూనే ఉంటారు.

9. గుంపు చేజారితే

దిగి కూర్చోవద్దు. వెనుక చూడండి, మీలాగే జారినవారు ఇద్దరు ముగ్గురు ఉంటారు. వారితో వంతులు వేసుకుని ముగింపు దాకా తొక్కండి. గుంపు పని నేర్చుకోవడానికి అంతకంటే మంచి అవకాశం ఉండదు. అధికారులు ఆపమంటే మాత్రం వెంటనే ఆగాలి.

ఆ సాయంత్రం జ్ఞాపకం తాజాగా ఉన్నప్పుడే రెండు సంగతులు రాసుకోండి. గుంపు ఎక్కడ వదిలింది? అప్పుడు మీరు ఎన్నో వరుసలో ఉన్నారు? ఎత్తులో వదిలితే సాధన పెంచాలి. మలుపు తర్వాత వదిలితే ముందు వరుసలో ఉండటం నేర్చుకోవాలి. పడి హెల్మెట్‌కు దెబ్బ తగిలితే, పైకి పగులు కనిపించకపోయినా కొత్తది కొనండి. రెండు రోజులు తేలిగ్గా తొక్కి, మూడు వారాల్లో ఇంకో రేసు ఉంటే ఇప్పుడే పేరు ఇచ్చేయండి.