పండగ తర్వాత పసిపిల్లల నిద్ర గాడిలో పడాలంటే

సంక్రాంతికి అమ్మమ్మగారింట్లో భోగిపళ్లు పోయించుకుని, నాలుగు రోజులు ఆ చేతులనుంచి ఈ చేతుల్లోకి మారిన పసిపిల్లలు ఇంటికి వచ్చాక రాత్రి 11 అయినా కన్ను మూయరు. మీ ఇంట్లోనూ ఇదే పరిస్థితి అయితే, పడుకోబెట్టే వేళ గురించి హైరానా పడకండి. ముందు లేపే వేళను సరిచేయండి.

రాత్రి ఎప్పుడు పడుకున్నా పొద్దున 7 గంటలకు లేపి, పది నిమిషాలు వాకిట్లోనో బాల్కనీలోనో ఎత్తుకుని తిప్పండి. ఒంట్లోని గడియారాన్ని సరిదిద్దేది పగటి వెలుగే. పడుకోబెట్టే వేళను రోజుకు 15 నిమిషాల చొప్పున ముందుకు జరిపితే చాలు. పగటి నిద్ర మాత్రం మాన్పించకండి. బాగా అలసిపోతే తొందరగా పడుకుంటారని చాలామంది అనుకుంటారు కానీ, అలసిన పిల్లలు ఇంకా ఎక్కువగా ఏడుస్తారు. నాలుగు నెలలు దాటిన పిల్లలకు ఏడాది వరకు పగలూ రాత్రీ కలిపి 12 నుంచి 16 గంటల నిద్ర కావాలి.

సాయంత్రం గోరువెచ్చని నీళ్ల స్నానం, తర్వాత పాలు, లైటు తగ్గించి జోలపాట. రోజూ ఇదే వరుస. మా పాపకు ఊళ్లో అమ్మ పాడిన జోలపాటనే ఇక్కడా పాడాను, అదే అన్నిటికన్నా బాగా పనిచేసింది. ఆ వేళకు పెద్దవాళ్లు కూడా టీవీ కట్టేయాలి. పది రోజులకు పాప ఎనిమిదిన్నరకే నిద్రపోయింది.