జంపర్ ఏడాది ప్లాన్: తేడా ఎక్కడొచ్చిందో వెతికి సరిచేసుకోవడం

గుంటూరులో నా దగ్గర లాంగ్ జంప్ నేర్చుకునే ఒక అమ్మాయి ఆగస్టు ప్రాక్టీసులో 5.30 మీటర్లు దూకింది. నవంబరులో అసలు మీట్‌లో 4.95 దాటలేదు. "కాళ్లు లేవట్లేదు సార్" అంది. రాత్రి నిద్ర పట్టిందా, పొద్దున ఏం తిన్నావని అడిగాను. తప్పు ఆ రోజుది కాదని, అంతకుముందు పది నెలలదని ఆమె డైరీ తిరగేశాకే నాకు అర్థమైంది. అప్పటి నుంచి ఏ పిల్లకు ఏ ఇబ్బంది వచ్చినా ముందు క్యాలెండర్ తీస్తున్నాను.

మన దగ్గర జిల్లా, రాష్ట్ర, జూనియర్ మీట్‌లు ఎక్కువగా వానాకాలంలో మొదలై నవంబరు దాకా నడుస్తాయి. 2019లో జాతీయ జూనియర్ అథ్లెటిక్స్ మన నాగార్జున యూనివర్సిటీలో జరిగిందీ నవంబరులోనే. ఆ తర్వాత డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉండే చల్లటి ఉదయాలు గట్టిగా పని చేయడానికి ఏడాది మొత్తంలో మంచి కాలం. మనమేమో సీజన్ అయిపోయిందని ఆ మూడు నెలలూ వదిలేస్తాం. పరీక్షలయ్యాక మే నెల సమ్మర్ క్యాంపులో బరువంతా ఒకేసారి పిల్లల కాళ్ల మీద వేస్తాం. కింద రాసిన బాధలు చాలావరకు అక్కడే పుడతాయి.

జూన్ వచ్చేసరికి మోకాలి కింద ముందు ఎముక నొప్పి

కారణం: మార్చిలో పరీక్షల వల్ల గ్రౌండ్ ముఖం చూడని కాళ్లతో ఏప్రిల్, మేలలో రోజూ బౌండింగ్ (పెద్ద పెద్ద అంగలతో ఎగురుతూ సాగడం), హర్డిల్ జంప్‌లు చేయించడం. దానికి తోడు మన స్కూల్ గ్రౌండ్లలో చాలావాటిది నల్లరేగడి నేల. ఎండాకాలంలో పగుళ్లిచ్చి సిమెంటులా గట్టిపడుతుంది.

పరిష్కారం: సెట్లు కాదు, కాలు నేలను తాకిన ప్రతిసారీ లెక్కపెట్టండి. కొత్త పిల్లలకు ఒక పూటకు 80 నుంచి 100 చాలు. వారానికి రెండు రోజులే, మధ్యలో కనీసం 48 గంటలు విరామం. పచ్చిక ఉన్న చోట చేయించండి. డిసెంబరులో 40తో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచితే, పరీక్షల నెలలో కూడా వారానికి రెండుసార్లు ఇంట్లో పది నిమిషాల స్కిప్పింగ్ చేయిస్తే, మే నెల అంత భారంగా ఉండదు.

నొప్పి ఎముక పొడవునా ఉంటే విశ్రాంతితో, పని తగ్గించడంతో సాధారణంగా సర్దుకుంటుంది. ఒకే చోట వేలు పెట్టి చూపించగలిగితే, రాత్రి పడుకున్నప్పుడు కూడా లాగుతుంటే మాత్రం జంప్‌లు ఆపించి ఎముకల డాక్టర్‌కు చూపించండి. అది ఎముకలో సన్నని పగులు కావచ్చు. నూనె రాసి కట్టు కట్టి మళ్లీ దూకించకండి, దయచేసి.

మేలో తల తిరగడం, పిక్కలు పట్టేయడం

విజయవాడ ఎండ సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. పైగా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పట్టిన చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఉదయం 5:30కు మొదలుపెట్టి 7 గంటలకు ముగించండి. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ గానీ ఓఆర్ఎస్ గానీ దగ్గర పెట్టండి. రోహిణి కార్తెలో ఫుల్ రన్-అప్ (దూకే ముందు తీసే పూర్తి పరుగు) వద్దు. ఆరు నుంచి ఎనిమిది స్టెప్పుల పరుగుతోనే టేకాఫ్ (నేల తన్ని పైకి లేవడం) నేర్పడానికి అది సరైన సమయం. పిల్లవాడు తికమకగా మాట్లాడినా, తూలినా నీడకు చేర్చి ఒళ్లంతా నీళ్లు పోస్తూనే ఆసుపత్రికి ఏర్పాటు చేయండి.

ప్రాక్టీసులో బోర్డు సరిగ్గా పడుతుంది, మీట్‌లో అన్నీ ఫౌల్స్

బోర్డు అంటే కాలు మోపి పైకి లేచే చెక్క. దీనికి నేను ఎక్కువ సమయం ఇస్తాను, ఎందుకంటే మొదటి మూడు ప్రయత్నాలూ ఫౌలైతే ఏడాది కష్టం అక్కడితో పోతుంది. 2021 నవంబరు నుంచి రూల్ కూడా బిగిసింది. బూటు ముందు భాగం గాలిలో ఉన్నా సరే, టేకాఫ్ గీత (బోర్డు ముందు అంచు) దాటితే ఫౌలే.

ముందు చూడాల్సింది తప్పు ఒకే వైపు ఉందా, చెల్లాచెదురుగా ఉందా అని. ప్రతిసారీ ఓ 15 సెంటీమీటర్లు ముందుకు పడుతుంటే పిల్ల తప్పేం లేదు. జూలైలో పెట్టిన మార్కే (రన్-అప్ మొదలుపెట్టే చోటు గుర్తు) ఇంకా వాడుతున్నారు, ఈలోపు వేగం పెరిగి స్టెప్పు పొడవైంది. లేదా మట్టి మీద కొలిచిన మార్కుతో సింథటిక్ (రబ్బరు) ట్రాక్ మీదకు వచ్చారు, అక్కడ కాలు బాగా తంతుంది. మార్కు 15 సెంటీమీటర్లు వెనక్కి జరపండి, అంతే. వెనక నుంచి గాలి తోస్తున్నా వెనక్కే, ఎదురుగాలైతే ముందుకు.

ఒకసారి 20 ముందుకు, ఒకసారి 30 వెనక్కి పడుతుంటే మార్కు ఎంత జరిపినా లాభం లేదు. మొదటి మూడు నాలుగు స్టెప్పులు రోజుకో రకంగా వేస్తున్నారని అర్థం. బోర్డును మరిచిపోయి ట్రాక్ మీద రన్-అప్ ఒక్కటే పరిగెత్తించండి, నాలుగో స్టెప్పు ఎక్కడ పడిందో సుద్దతో గీయండి. అది ఒక పాదం వెడల్పు లోపల స్థిరపడ్డాకే ఇసుక పిట్ దగ్గరికి తీసుకెళ్లండి. ట్రాక్ మీద బాగుండి పిట్ దగ్గర మాత్రమే చెడితే, చివర్లో బోర్డు వైపు చూసి స్టెప్పులు కుదిస్తున్నారు. చూపు పిట్ అవతల ఉండాలి.

జూలై నుంచి ప్రతి రెండు వారాలకు మార్కును టేపుతో కొలిచి రాయించండి. అడుగులతో కొలిస్తే బూటు మారగానే లెక్క మారిపోతుంది.

పరుగు వేగం పెరిగింది, దూరం పెరగలేదు

ఆ వేగాన్ని పైకి మలిచే టేకాఫ్ బలం వెనకబడింది. పది, పన్నెండు స్టెప్పులకు వెనక్కి రండి, అక్కడ దూరం పెరిగాకే స్టెప్పులు పెంచండి. దీనికి జూన్ సరైన నెల. సెప్టెంబరులో మొదలుపెడితే ఆలస్యం.

ఆగస్టులో బెస్ట్, నవంబరులో పడిపోవడం

మొదట చెప్పిన అమ్మాయి కథ ఇదే. ఎంత దూకుతుందో చూడాలన్న ఆత్రంతో ప్రతి శనివారం ఫుల్ రన్-అప్ టెస్ట్ పెట్టాను. జిల్లా మీట్‌కూ బాగా తయారుచేశాను, రాష్ట్ర మీట్‌కూ అంతే. అసలు రోజుకు ఆమె కాళ్లలో ఏమీ మిగల్లేదు. ఇప్పుడు పెద్ద మీట్ తేదీ నుంచి వెనక్కి లెక్కేస్తున్నాను. జిల్లా మీట్‌ను ప్రాక్టీసు మధ్యలోనే ఆడిస్తాను, దానికోసం విశ్రాంతి ఇవ్వను. ఫుల్ రన్-అప్ జంప్‌లు వారానికి ఒక్క రోజే, అదీ టెస్టులా కాదు, ఆరు నుంచి ఎనిమిది. చివరి రెండు వారాలు జంప్‌ల సంఖ్య సగానికి తగ్గిస్తాను గానీ వేగం తగ్గించను. బరువులెత్తడం పది రోజుల ముందే ఆగిపోతుంది.

డిసెంబరులో గ్రౌండ్‌కు రావాలనిపించకపోవడం

బద్ధకమని తిట్టకండి. ఆఖరి మీట్ తర్వాత రెండు మూడు వారాలు స్పైక్స్ (మేకుల బూట్లు) బ్యాగులోనే ఉండనివ్వండి. ఈత, సైకిల్, ఇష్టమైన ఆట ఏదైనా ఆడనివ్వండి. ఆ వారాల్లోనే పాత నొప్పులు చూపించుకోవాలి, కొత్త ఏడాది తేదీలు కాగితం మీద పెట్టుకోవాలి. క్రిస్మస్ సెలవులకల్లా మళ్లీ పచ్చిక మీద 40 జంప్‌లతో మొదలు.