బేస్ గిటార్ సెటప్: పికప్‌లు మార్చే ముందు తీగల సంగతి చూడండి

నవంబరు వస్తే చాలు, నెల్లూరులో మా వాళ్ల గిటార్లన్నిటికీ ఒకేసారి జబ్బు చేస్తుంది. రోహిణి కార్తె ఎండలకీ పడమటి గాలికీ బాగా ఎండిపోయిన కర్ర, ముసురు పట్టి వారం రోజులు ఇల్లంతా చెమ్మ వాసన కొట్టేసరికి తేమ పీల్చుకుని కదులుతుంది. నిన్నటిదాకా బాగానే ఉన్న బేస్ మూడో ఫ్రెట్ (నెక్ అనే పొడుగు మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర జరజరమంటుంది, లేదంటే తీగలు పైకి లేచి రెండు పాటలకే చెయ్యి లాగేస్తుంది. అప్పుడు మనవాళ్లు ఏం చేస్తారంటే పొద్దున్నే మద్రాసు రైలెక్కి కొత్త పికప్‌లనో (తీగ మోతని యాంప్‌కి పంపే అయస్కాంతాలు), పెడల్‌నో కొనుక్కొస్తారు. అది బిగించాక కూడా జరజర అలాగే ఉంటుంది, ఎందుకంటే తేడా అక్కడ లేదు కాబట్టి.

నేను చర్చిలోనూ పెళ్లి ఆర్కెస్ట్రాల్లోనూ వాయిస్తాను. నాకు అర్థమైంది ఒకటే: సెటప్‌లో, అంటే గిటార్ సరిగ్గా మోగేలా సర్దే పనుల్లో, ఏం చేస్తామన్న దానికంటే ఏది ముందు, ఏది తర్వాత అన్నదే ముఖ్యం. ముందు తీగలు, తర్వాత నెక్ వంపు, తర్వాత తీగల ఎత్తు, తర్వాత ఫ్రెట్ల మీద శృతి (ఇంటొనేషన్), చివరికి పికప్ ఎత్తు. ఇది తెలియని రోజుల్లో కావలిలో ఒక పెళ్లికి ముందు రాత్రి శాడిల్స్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే చిన్న ముక్కలు) దించాను, బజ్ (ఆ జరజరే) వచ్చింది, ట్రస్ రాడ్ (నెక్ లోపలి కడ్డీ) తిప్పాను, తీగలు లేచాయి, మళ్లీ శాడిల్స్ దించాను, ఇలా ఒంటిగంట దాకా సాగింది. ఆఖరికి కొత్త తీగ వేద్దామని తీసి, అన్నిటికంటే లావైన ఇ తీగని పొట్టిగా కత్తిరించి పాడుచేశాను. మర్నాడు మూడు తీగలతోనే పెళ్లి అయిపోయింది, జనం ఎవరికీ తెలియలేదు గానీ కీబోర్డు ఆయన మాత్రం నన్ను చూసి నవ్వుతూనే ఉన్నాడు.

తీగలు ముందు ఎందుకంటే, నెక్‌ని అటు లాగేది తీగల బిగువు, దాన్ని ఇటు నిలబెట్టేది లోపలున్న ట్రస్ రాడ్. లావు తీగ వేస్తే బిగువు పెరుగుతుంది, నెక్ ఇంకాస్త ముందుకి వంగుతుంది. సన్నం తీగ వేస్తే దానికి వ్యతిరేకం. అందుకని పాత తీగల మీద గంటసేపు కూర్చుని సెటప్ చేసి, మర్నాడు వేరే సైజు తీగలు వేస్తే ఆ గంట దండగ. ఏ తీగలతో వాయించబోతున్నారో అవి వేశాకే ఎలెన్ కీ (ట్రస్ రాడ్ తిప్పే ఆరు పలకల కీ) పట్టుకోండి.

ఏ తీగలు? ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే టోన్‌లో సగం ఇక్కడే తేలిపోతుంది. బేస్ తీగంటే మధ్యలో ఒక ఉక్కు తీగ, దాని చుట్టూ చుట్టిన ఇంకో తీగ. ఆ చుట్టిన తీగ గుండ్రంగా ఉంటే రౌండ్‌వౌండ్, రిబ్బనులా చదునుగా ఉంటే ఫ్లాట్‌వౌండ్. అమెరికాలో గిటార్లు తయారుచేసే లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు ఉన్నవి ఫ్లాట్‌వౌండ్‌లే. 1960లలో తీగల కంపెనీ రోటోసౌండ్ వాళ్ల రౌండ్‌వౌండ్‌లు వచ్చాక, ఇంగ్లండు రాక్ బ్యాండ్ ద హూలో జాన్ ఎంట్‌విజిల్ వాటితో పియానో తీగలా గణగణలాడించాడు. మరోవైపు అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్ పాటలకి వాయించిన జేమ్స్ జేమర్సన్, లావుపాటి లా బెల్లా ఫ్లాట్‌వౌండ్‌లు వేసుకుని, తెగితే తప్ప మార్చేవాడు కాదు. ఇద్దరూ గొప్పవాళ్లే, ఇద్దరి శబ్దానికీ పోలికే లేదు.

పుస్తకాల్లో ఫ్లాట్‌వౌండ్ గురించి చదివి మనవాళ్లు మోజుపడతారు, నేనూ పడ్డాను. కానీ మనం వాయించే చోటు చూడాలి. బేస్‌లో ఇ తీగ వదిలి మీటితే 41 హెర్ట్జ్. చర్చిలో గోడకి బిగించిన సన్నటి కాలమ్ స్పీకర్లు, షామియానా కింద పెట్టే చిన్న బాక్సులు 41 హెర్ట్జ్‌ని పలకలేవు. మనకి వినిపించేది ఆ స్వరం పైన ఉండే 82, 123, ఇలా పై హార్మోనిక్‌లు (అదే తీగ నుంచి కలిసి మోగే పై స్వరాలు), వాటిని బట్టి చెవి కింది స్వరాన్ని ఊహించుకుంటుంది. ఫ్లాట్‌వౌండ్‌లో ఆ పై హార్మోనిక్‌లు తక్కువ. ఇంట్లో హెడ్‌ఫోన్‌లో వెన్నలా ఉన్న తీగ, చర్చిలో డ్రమ్స్ మొదలవగానే మాయమైపోతుంది. కాబట్టి చిన్న స్పీకర్ల మీద వాయించేవాళ్లు నికెల్ పూత ఉన్న రౌండ్‌వౌండ్ వేసుకోండి, పాత సినిమా పాటల మెత్తదనం కావాలంటే గిటార్ మీదున్న టోన్ నాబ్ తగ్గించుకోండి. లేని తళుకు నాబ్ తిప్పితే రాదు, ఉన్నది తగ్గించుకోవడం తేలిక. స్టెయిన్‌లెస్ స్టీల్ ఇంకా పదునుగా మోగుతుంది, స్లాప్ (బొటనవేలితో తీగని కొట్టి) వాయించేవాళ్లకి బాగుంటుంది గానీ వేళ్లకి గరుకు, ఫ్రెట్లు కూడా తొందరగా అరుగుతాయి. రికార్డింగ్ ఎక్కువ చేసేవాళ్లు, పెద్ద క్యాబినెట్ ఉన్నవాళ్లు, వేలు జారినప్పుడు వచ్చే కీచు వద్దనుకునేవాళ్లు ఫ్లాట్‌వౌండ్ తీసుకుంటే తప్పులేదు. రెండిటికీ మధ్యలో హాఫ్‌రౌండ్ అని ఉంటుంది, నాకు అది అటూ ఇటూ కానిదిగా అనిపించింది.

లావు విషయానికి వస్తే, నాలుగు తీగల బేస్‌కి 45, 65, 85, 105 అని రాసున్న సెట్ మామూలు. ఇవి అంగుళంలో వెయ్యో వంతులు. చివర 100 ఉన్న సెట్లు వేళ్లకి ఇంకొంచెం తేలిక. పాడేవాళ్ల కోసం ఎప్పుడూ అరమెట్టు దించి వాయించే బ్యాండ్ అయితే 105 సెట్టే మేలు, లేకపోతే ఇ తీగ వదులుగా వేలాడుతున్నట్టు ఉంటుంది. కొనేటప్పుడు ప్యాకెట్ మీద లాంగ్ స్కేల్ అని ఉందో లేదో చూడండి. మామూలు బేస్ నట్ (నెక్ పై చివర తీగలు కూర్చునే గాడుల పట్టీ) నుంచి బ్రిడ్జి (శాడిల్స్ ఉండే కింది చట్రం) దాకా 34 అంగుళాలు ఉంటుంది. 30 అంగుళాల చిన్న బేస్ ఉన్నవాళ్లు మాత్రం షార్ట్ స్కేల్ తీగలే కొనాలి, లేకపోతే తీగ లావు భాగమే శృతి చేసే కీ చుట్టూ తిరిగి తెగుతుంది.

వేసేటప్పుడు చేసే తప్పులు రెండు. ఒకటి నేను చేసిందే, పొట్టిగా కత్తిరించడం. తీగని దాని కీ దాకా సాగదీసి, ఆ పైన నాలుగైదు అంగుళాలు వదిలి, ముందు అక్కడ గట్టిగా వంచి, వంపు దాటాక కత్తిరించండి. వంచకుండా కత్తిరిస్తే కొన్ని తీగల చుట్టు లోపల వదులైపోయి తీగ మూగబోతుంది. చివర కీ మధ్యలో ఉన్న రంధ్రంలోకి దించి, కిందికి దిగేలా రెండు మూడు చుట్లు వస్తే చాలు. రెండోది, తీగ మెలిపడి ఉండగానే బిగించడం. బ్రిడ్జిలోంచి దూర్చాక ఒక్క క్షణం వదిలెయ్యండి, అది తనంతట తను తిరిగి మెలి విప్పుకుంటుంది. మెలితో బిగించిన తీగ ఎంత ఖరీదైనదైనా మొద్దుగా మోగుతుంది. బిగించాక శాడిల్ దాటిన చోట, నట్ దాటిన చోట బొటనవేలితో మెల్లగా నొక్కండి, తీగ అక్కడ విల్లులా కాకుండా తిన్నగా కూర్చుంటుంది. చాలామంది వదిలేసే పని ఇది, కానీ కొత్త తీగ శృతి నిలబడకపోవడానికి సగం కారణం ఇదే.

ఇప్పుడు నెక్. దీనికి ఫీలర్ గేజి (సందు కొలిచే సన్నటి రేకుల కట్ట) కావాలి. మ్యూజిక్ షాపుల్లో వెతక్కండి, ఆటోమొబైల్ స్పేర్ పార్ట్స్ షాపులో దొరుకుతుంది, బైక్ మెకానిక్‌లు టాపెట్లు సెట్ చేసేది అదే. నేను అడిగితే మా వీధి మెకానిక్, "ఏందన్నా, గిటార్‌కి గూడా టాపెట్లుంటాయా?" అన్నాడు. బేస్‌ని మామూలు శృతిలో పెట్టి, వాయించే తీరులోనే ఒళ్లో పట్టుకుని, మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) పెట్టండి. కుడిచేత్తో ఇ తీగని చివరి ఫ్రెట్ దగ్గర నొక్కండి. ఇప్పుడు తీగే స్కేలు బద్ద అవుతుంది. ఏడో ఎనిమిదో ఫ్రెట్ పైన ఎంత సందు ఉందో చూడండి. 0.3 మిల్లీమీటర్లు, అంటే దాదాపు విజిటింగ్ కార్డు మందం ఉంటే బాగున్నట్టు. సందు ఎక్కువైతే ట్రస్ రాడ్‌ని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పి బిగించాలి, సందే లేకపోతే ఎదురువైపు తిప్పి వదులు చెయ్యాలి. ఒకసారికి పావు చుట్టుకి మించి వద్దు. బిగించే ముందు తీగలు కాస్త వదులు చేస్తే రాడ్ మీద భారం తగ్గుతుంది. తిప్పాక మళ్లీ శృతి చేసి, టీ తాగొచ్చి, అప్పుడు కొలవండి, కర్ర సర్దుకోవడానికి టైమ్ పడుతుంది. సరిగ్గా పట్టని ఎలెన్ కీతో తిప్పితే ట్రస్ రాడ్ చివరి నట్టు అరిగిపోతుంది, ఆ తర్వాత బాగుచేయడం మన చేతిలో ఉండదు. గట్టిగా ఉండి కదలకపోతే బలం చూపించకుండా తెలిసినవాళ్లకి ఇవ్వండి.

ట్రస్ రాడ్ తీగల ఎత్తు కోసం కాదు. ఈ ఒక్క మాట గుర్తుంటే నా కావలి రాత్రి మీకు రాదు. ఎత్తు కోసం బ్రిడ్జి మీద శాడిల్ స్క్రూలు ఉన్నాయి. 17వ ఫ్రెట్ మీద తీగ అడుగుకీ ఫ్రెట్‌కీ మధ్య ఇ వైపు 2.4 మిల్లీమీటర్లు, అన్నిటికంటే సన్నటి జి తీగ వైపు 2 దగ్గర మొదలుపెట్టండి. స్టీలు స్కేలు వాడండి, ప్లాస్టిక్ స్కేలుకి సున్నా ముందు కొంచెం ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీయే మన కొలతంత ఉంటుంది. గట్టిగా మీటే చెయ్యి అయితే ఇంకొంచెం పెంచండి. తీగ ఫ్రెట్లకి కొట్టుకోకుండా ఊగడానికి చోటు ఉంటేనే శబ్దం నిండుగా వస్తుంది. తీగలు మరీ కిందికి దించి, బేస్ బక్కగా మోగుతోందని బాధపడేవాళ్లని చాలామందిని చూశాను.

బజ్ ఎక్కడ వస్తుందో వింటే కారణం తెలుస్తుంది. మొదటి నాలుగైదు ఫ్రెట్లలో అయితే నెక్ మరీ తిన్నగా ఉంది, ట్రస్ రాడ్ వదులు చెయ్యాలి. పన్నెండు దాటాక అయితే శాడిల్ లేపాలి. వదిలి మీటినప్పుడు మాత్రమే వస్తే నట్ గాడి లోతైపోయింది. ఒకే ఒక్క ఫ్రెట్ దగ్గర వస్తే ఆ పక్క ఫ్రెట్ లేచింది, అది మనం ఇంట్లో చేసే పని కాదు. ఇంకో సంగతి, యాంప్‌లో వినపడని చిన్న జరజర గురించి నిద్ర పాడుచేసుకోకండి.

ఫ్రెట్ల మీద శృతి, అంటే ఇంటొనేషన్, సరిచూడటం తేలికే. పన్నెండో ఫ్రెట్ మీద తీగని నొక్కకుండా వేలు ఆనించి హార్మోనిక్ మీటండి, తర్వాత అక్కడే నొక్కి మీటండి. రెండూ ట్యూనర్‌లో ఒకే చోట నిలబడాలి. నొక్కిన స్వరం ఎక్కువ చూపిస్తే శాడిల్‌ని వెనక్కి, అంటే నెక్‌కి దూరంగా జరపండి, తక్కువ చూపిస్తే ముందుకి. ప్రతిసారీ మళ్లీ శృతి చేసుకుంటూ పోవాలి. ఫోన్ మైకుకి ఇ తీగ సరిగ్గా అందదు, కేబుల్ పెట్టుకునే ట్యూనరో క్లిప్ ట్యూనరో వాడండి. చచ్చిపోయిన తీగల మీద ఈ పని ఎంతసేపు చేసినా కుదరదు.

పికప్‌ని దగ్గర చేస్తే శబ్దం పెద్దదవుతుందని అందరూ పైకి లేపేస్తారు. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగని లాగి, పై ఫ్రెట్లలో స్వరం వణికినట్టు, రెండు స్వరాలు కలిసినట్టు వస్తుంది. చివరి ఫ్రెట్ నొక్కి పట్టుకుని ఇ కింద మూడు మిల్లీమీటర్లు, జి కింద రెండు దగ్గర పెట్టి, నాలుగు తీగలూ సమానంగా వినపడేదాకా చెవితోనే సర్దుకోండి. బ్యాటరీ ఉన్న యాక్టివ్ బేస్ అయితే వాయించాక కేబుల్ పీకెయ్యండి, అది గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

బేస్ తీగల సెట్ మామూలు గిటార్ తీగల కంటే చాలా ఖరీదు, కాబట్టి కాపాడుకోవాలి. మైపాడు, కొత్తపట్నం వైపు ఉండేవాళ్లకి ఉప్పు గాలి ఒక శత్రువు, అందరికీ చెమట ఇంకో శత్రువు, చేపల పులుసు తిని చెయ్యి సరిగ్గా కడుక్కోకుండా బేస్ పట్టుకునే మా డ్రమ్మరు మూడో శత్రువు. వాయించాక పాత నూలు పంచె ముక్కతో తీగల పైనా కిందా తుడవండి. మొద్దుబారిన రౌండ్‌వౌండ్‌లని విప్పి పది నిమిషాలు నీళ్లలో మరిగిస్తే చుట్ల మధ్య ఇరుక్కున్న జిడ్డు వదిలి కొన్నాళ్లు మళ్లీ మోగుతాయి, పూర్తిగా ఆరాకే వెయ్యాలి, లేకపోతే తుప్పు. ఇంట్లో పులుసు గిన్నె మాత్రం తియ్యకండి, నేను తిన్న తిట్లు మీకెందుకు.

అంతా అయ్యాక నెక్ సందు, తీగల ఎత్తు, తీగల సైజు, తేదీ ఒక కాగితం మీద రాసి బేస్ బ్యాగు జేబులో పెట్టుకోండి. ఏ నెక్ ఎటు కదులుతుందో ఆ కర్రని బట్టి ఉంటుంది, ఒక ఏడాది కొలతలు ఉంటే మీ దాని తత్వం మీకే తెలుస్తుంది. నా కాగితంలో మే నెలది 0.25, నవంబరుది 0.4. ముసురు మొదలైన రెండో వారంలో పావు చుట్టు బిగిస్తాను, సంక్రాంతి దాటి గాలి పొడిబారాక మళ్లీ పావు చుట్టు వదులుతాను.