సి3ఎ కొలిచే ముందు ట్యూబు చూసుకోండి

తిరుపతిలో కాంప్లిమెంట్ (రక్తంలో క్రిములతో పోరాడే, ఒకదాన్నొకటి గొలుసులా రాజేసే ప్రొటీన్లు) మీద ప్రాజెక్ట్ మొదలుపెడుతున్న పీజీ పిల్లలకు ఒక మాట. ఆ ప్రొటీన్లలో సి3, సి5 తెగినప్పుడు వచ్చే ముక్కలైన సి3ఎ, సి5ఎ కొలవడానికి సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) తీయకండి. రక్తం గడ్డకట్టేటప్పుడే కాంప్లిమెంట్ రాజుకుంటుంది, రోగి ఒంట్లో లేని సి3ఎ మీ ట్యూబులో పుడుతుంది. ఊదారంగు మూత ఈడీటీఏ ట్యూబు వాడండి. అది కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ పట్టేస్తుంది కాబట్టి ఆ గొలుసు అక్కడ ఆగుతుంది. గడ్డకట్టకుండా ఆపే మరో మందు హెపారిన్ ఉన్న ట్యూబు సరిపోదు.

మే నెల ఎండలో వార్డు నుంచి ల్యాబ్‌కు ట్యూబు చేత్తో పట్టుకెళ్లకండి, ఐస్ డబ్బా ఉండాల్సిందే. నేను ఇలాగే ఒక వారం శాంపిళ్లు పోగొట్టుకున్నాను, ఆ బాధ ఇంకా ఉంది. చల్లటి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ప్లాస్మాను చిన్న చిన్న భాగాలుగా మైనస్ 80 డిగ్రీల్లో దాచండి. కరిగించింది మళ్లీ ఫ్రీజ్ చేయొద్దు.

ఇక సి3ఎ కొలతకు వాడే యాంటీబాడీ. సి3 తెగాక మాత్రమే బయటపడే భాగాన్ని, అంటే నియోఎపిటోప్‌ను పట్టేదేనా అని డేటాషీట్‌లో వెతకండి. మామూలు సి3ని కూడా పట్టేదైతే అసలు లెక్క తేలదు: రక్తంలో సి3 లీటరుకు సుమారు 1 గ్రాము, సి3ఎ మిల్లీలీటరుకు నానోగ్రాముల్లోనే.

సీహెచ్50కి (కాంప్లిమెంట్ గొలుసు మొత్తం ఎంత బాగా పనిచేస్తుందో చూసే పరీక్షకు) మాత్రం సీరమే కావాలి, ఈడీటీఏ ఉంటే ఆ పరీక్ష జరగదు.