అలీ, ఫ్రేజియర్ మూడు పోరాటాలను పోల్చి చూడటం ఎలా?

హెవీవెయిట్ బాక్సర్లు ముహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్ మూడుసార్లు తలపడ్డారు. అలీ రెండు గెలిచాడు, ఫ్రేజియర్ ఒకటి. చాలామంది పోలిక ఇక్కడితో అయిపోతుంది. కానీ ఆ 2-1 లెక్కలో అసలు విషయం కనపడదు. 1971లో బరిలోకి దిగిన ఇద్దరూ 1975లో దిగిన ఇద్దరూ పేరుకే ఒకరు. ఒళ్లు మారింది, కాళ్లు మారాయి, రెఫరీ మారాడు, మార్కులు వేసే పద్ధతీ మారింది. ఏది ఎక్కడ మారిందో పట్టుకుంటేనే పోల్చినట్టు.

మూడూ కలిపి 41 రౌండ్లు. రౌండుకు మూడు నిమిషాలు, మధ్యలో ఒక నిమిషం విరామం కలుపుకుంటే రెండు గంటల నలభై నిమిషాల పని. ఒక్క రోజులో ముగించాలని కూర్చోకండి. నేను అలాగే చేసి, ఏ దెబ్బ ఏ మ్యాచ్‌లోదో కలగాపులగం చేసుకున్నాను. మూడు సాయంత్రాలు, ఒక నోట్‌బుక్ చాలు.

వీడియో పెట్టకముందే రాసుకోవాల్సినవి

ఒక్కో మ్యాచ్‌కు ఒక పేజీ తీసుకుని, ఆ రోజుకు ఇద్దరి వయసు, బరువు, అంతకుముందు ఏడాది రెండేళ్లలో ఏం జరిగిందో పైన రాయండి.

మొదటిది 1971 మార్చి 8, న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్. అలీకి 29 ఏళ్లు, ఫ్రేజియర్‌కు 27. అలీ 31 మ్యాచ్‌లు, ఫ్రేజియర్ 26 ఆడారు, అప్పటికి ఎవరూ ఒక్కటీ ఓడలేదు. అయితే వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరనన్నందుకు 1967లో అలీ ప్రపంచ చాంపియన్ టైటిల్ లాగేసుకున్నారు. మూడున్నరేళ్లు రింగ్‌లోకే రానివ్వలేదు. 1970 అక్టోబరులో తిరిగొచ్చాక ఆడింది రెండంటే రెండే మ్యాచ్‌లు. ఇది మీ పేజీలో పెద్ద అక్షరాలతో ఉండాలి.

రెండోది 1974 జనవరి 28, అదే వేదిక. అప్పటికి ఇద్దరూ దెబ్బతిన్నవాళ్లే. 1973లో జార్జ్ ఫోర్‌మన్ రెండు రౌండ్లలో ఫ్రేజియర్‌ను ఆరుసార్లు కింద పడేశాడు. అదే ఏడాది కెన్ నార్టన్‌తో ఆడి అలీ దవడ విరగ్గొట్టుకున్నాడు. ప్రపంచ టైటిల్ ఫోర్‌మన్ దగ్గర ఉంది కాబట్టి ఈ మ్యాచ్‌కు ఆ హోదా లేదు, 12 రౌండ్లే.

మూడోది 1975 అక్టోబరు 1, ఫిలిప్పీన్స్‌లోని కేసోన్ సిటీ, అరనేటా కొలీజియం. ఊరు కేసోన్ సిటీయే అయినా ఈ మ్యాచ్‌ను అందరూ మనీలా అనే అంటారు. ఏడాది ముందు ఆఫ్రికాలోని కిన్షాసాలో ఫోర్‌మన్‌ను పడగొట్టి అలీ మళ్లీ చాంపియన్ అయ్యాడు. వయసు 33. మొదటి మ్యాచ్‌లో 215 పౌండ్లున్నవాడు ఇప్పుడు 224 దాటాడు.

సౌండ్ తీసేసి మార్కులు వేయండి

కామెంటరీ వింటూ మార్కులు వేస్తే అవి మీవి కావు, వాళ్లవి. అలీ మెరుపులా ఓ నాలుగు దెబ్బలు వేయగానే జనం హోరెత్తుతారు. ఫ్రేజియర్ పొట్టలో దిగేసిన దెబ్బకు చప్పుడుండదు. 1971 మ్యాచ్‌ను మొదటిసారి సౌండ్‌తో చూసినప్పుడు అలీ గెలిచాడనే అనుకున్నాను. మ్యూట్ చేసి చూస్తే ఆ నమ్మకం నిలవలేదు.

రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9, కింద పడితే 8. నిఖత్ జరీన్ బౌట్లు చూసినవాళ్లకు ఈ లెక్క తెలిసే ఉంటుంది. కాకపోతే అక్కడ మూడు రౌండ్లతో సరి, ఇక్కడ పదిహేను. అలసట కూడా ఆటలో భాగమైపోతుంది.

చిక్కేంటంటే, 1971లో న్యూయార్క్‌లో పాయింట్లు కాదు, రౌండ్లే లెక్కపెట్టేవారు. రెఫరీ ఆర్థర్ మెర్కాంటే ఫ్రేజియర్‌కు 8, అలీకి 6 రౌండ్లు ఇచ్చి ఒకటి సమానం చేశాడు. ఒక జడ్జి 9-6 అన్నాడు, ఇంకొకరు 11-4. మీ మార్కులతో పోల్చాలంటే వీటిని మార్చుకోవాలి. 9-6ను తీసుకుని 15వ రౌండ్‌కు 10-8 వేస్తే ఫ్రేజియర్‌కు 144, అలీకి 140 వస్తాయి. 11-4ను అలాగే మారిస్తే 146-138. ఒకే మ్యాచ్ చూసిన ఇద్దరి మధ్య ఇంత తేడా! మీ లెక్క వాళ్లతో కలవకపోతే కంగారు పడకండి.

ఒక్క దెబ్బ వెంట పడండి

నా దృష్టిలో అసలు పని ఇదే. అన్నీ చూడాలనుకుంటే ఏదీ కనిపించదు. ఫ్రేజియర్ లెఫ్ట్ హుక్‌ను, అంటే మోచేయి వంచి పక్కనుంచి తిప్పి కొట్టే దెబ్బను, మూడు మ్యాచ్‌లలోనూ వెంబడించండి. చిన్నప్పుడు పొలంలో పంది తరిమితే పడి ఆ చెయ్యి విరిగిందని, సరిగ్గా అతుక్కోక పూర్తిగా చాపడానికి రాదని ఫ్రేజియరే చెప్పుకున్నాడు. హుక్ కోసమే వంచి పెట్టినట్టుంటుంది ఆ చెయ్యి.

1971 మ్యాచ్‌లో 11వ రౌండ్ దగ్గర ఆపండి. ఆ హుక్ తగిలాక అలీ మోకాళ్లు వదులవుతాయి. తర్వాత 15వ రౌండ్‌ను నెమ్మదిగా నడిపించండి. అలీ కుడి చేత్తో కింది నుంచి అప్పర్‌కట్ వేయబోతాడు. వేయాలంటే ఆ చెయ్యి దించాలి. దించిన క్షణాన కుడి దవడకు అడ్డు లేదు. ఫ్రేజియర్ శిక్షణ బృందంలోని ఎడ్డీ ఫచ్ కాచుకుని ఉండమన్నది సరిగ్గా ఈ అలవాటు కోసమే. హుక్ ఎక్కడో కింద నుంచి లేస్తుంది. అలీ వెల్లకిలా పడతాడు, బూట్లకున్న ఎర్ర కుచ్చులు గాల్లోకి లేస్తాయి. ఆశ్చర్యం పడటం కాదు, దాదాపు వెంటనే లేవడం. నేను దీన్ని ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశానో లెక్కలేదు.

ఇప్పుడు 1974 పెట్టి అదే హుక్ కోసం వెతకండి. పెద్దగా దొరకదు. ఎందుకు? ఫ్రేజియర్ దగ్గరికి రాగానే అలీ ఎడమ చేత్తో అతని మెడ వెనక పట్టి కిందికి వంచేస్తాడు. హుక్‌కు చోటే ఉండదు. అలా పట్టిన ప్రతిసారీ నోట్‌బుక్‌లో ఒక గీత గీయండి. పేజీ నిండిపోతుంది. మూడింటిలో చప్పటి మ్యాచ్ ఇదే, కానీ ఇది చూడకపోతే మనీలా అర్థం కాదు.

రెఫరీకి కూడా ఒక గడి

1974 రెఫరీ టోనీ పెరెజ్ ఆ పట్టుకోవడాన్ని చాలావరకు వదిలేశాడు. పైగా రెండో రౌండ్‌లో ఫ్రేజియర్ గట్టి దెబ్బ తిన్న సమయంలో, గంట మోగిందనుకుని పొరపాటున ఇద్దరినీ విడదీశాడు. అంటే ఒకే రెఫరీ వల్ల ఇద్దరికీ మేలు, ఇద్దరికీ నష్టం. అందుకే మనీలాకు వచ్చేసరికి ఎవరు రెఫరీగా ఉండాలన్నదానిపై ఫచ్ పట్టుబట్టాడు. ఫిలిప్పీన్స్‌కే చెందిన కార్లోస్ పడీయా వచ్చాడు, మెడ పట్టుకోనివ్వలేదు. హుక్ మళ్లీ బయటికొచ్చింది.

మనీలాను మూడు ముక్కలుగా చూడండి

అమెరికాలో రాత్రి ప్రసారం కావాలి కాబట్టి అక్కడ ఉదయం పదిముప్పావు ప్రాంతంలో మొదలుపెట్టారు. రేకుల పైకప్పు, కిక్కిరిసిన జనం, లైట్ల వేడి. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో నిలబడ్డవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మొదటి నాలుగు రౌండ్లు అలీవి. గెంతడం మానేసి, నిలబడి పడగొట్టేయాలని చూస్తాడు. ఐదు నుంచి పదకొండు దాకా ఫ్రేజియర్‌ది పైచేయి. అలీ తాళ్లకు ఆనుకుంటే పక్కటెముకల మీద, దవడ మీద హుక్కులు పడుతూనే ఉంటాయి. పన్నెండు నుంచి మళ్లీ అలీ. పదమూడులో ఫ్రేజియర్ నోట్లోని గార్డు ఎగిరి ప్రేక్షకుల్లో పడుతుంది. కుడి కన్ను వాచి మూసుకుపోయింది. ఎడమ కంటికి అంతకుముందే శుక్లం ఉందని, చూపు అంతంతమాత్రమని ఆయన చాలా ఏళ్ల తర్వాత బయటపెట్టాడు. ఇది తెలిశాక 14వ రౌండ్ మళ్లీ చూడండి. అలీ కుడిచేతి దెబ్బలు ఎందుకు అంత సులువుగా తగులుతున్నాయో తెలుస్తుంది.

ఆఖరుగా, 14వ రౌండ్ ముగిశాక వీడియో ఆపేయకండి. ఇక్కడ సౌండ్ పెట్టుకోవచ్చు. ఒక మూల అలీ స్టూల్ మీద కుప్పకూలినట్టు కూర్చుంటాడు. రెండో మూల ఫ్రేజియర్ ఇంకా ఆడతానంటాడు, ఫచ్ ఒప్పుకోడు. పోరాటం ఆగిపోయింది. అలీ లేచి చెయ్యెత్తి, అంతలోనే నేల మీదికి జారిపోతాడు. ముగ్గురి మార్కుల్లోనూ అలీయే ముందున్నాడు, కాబట్టి ఆ చివరి మూడు నిమిషాలు జరిగుంటే ఫ్రేజియర్‌కు నాకౌట్ తప్ప దారి లేదు. మీ నోట్‌బుక్‌లో మనీలా పేజీలోని 15వ గడిలో ఏమీ రాయకండి.